మేడ మీద బరువు పెట్టే ముందు: ట్యాంకు, తోట, షెడ్డు, పై గదికి లెక్క వేసే పద్ధతి

"మా స్లాబు ఎన్ని టన్నులు మోస్తుంది?" అన్న ప్రశ్నకు ఒక అంకెతో జవాబు చెప్పలేం. పిల్లరు నెత్తిన రెండు టన్నులు పెట్టినా ఉలకని కప్పు, గది నడిమధ్యన అందులో సగం పెడితే కుంగిపోవచ్చు. అడగాల్సినవి మూడు: బరువెంత, అది ఎంత చోటులో కూర్చుంటోంది, అక్కణ్నుంచి నేలదాకా ఏ దారిన దిగుతోంది. స్లాబు తన మీది బరువును బీముకు, బీము పిల్లరుకు, పిల్లరు పునాదికి, పునాది మట్టికి అప్పగించాలి. ఈ వరసలో ఏది బలహీనమైతే ఇంటి బలం అంతే. పై నుంచి ఎంత సిమెంటు పోసినా ఆ లెక్క మారదు.

కింద చెప్పేది ఒకటి రెండు అంతస్తుల మామూలు కాంక్రీటు ఇళ్లకు. దీంతో ఏం పెట్టకూడదో, ఎక్కడ పెట్టకూడదో మీరే తేల్చుకోవచ్చు. పై అంతస్తు వేయాలన్నా, పిల్లర్ల మీద కొత్త బరువు టన్నుల్లో పెరుగుతున్నా స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా ముందుకు పోవద్దు. ఆ ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు కూడా ఈ కొలతలే పనికొస్తాయి.

చేతిలో ఉండాల్సినవి: టేపు, నైలాను దారం, చిన్న సుత్తి, స్టీలు స్కేలు, సుద్దముక్క, గళ్ల కాగితం. ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగు ఉంటే సగం పని అయిపోయినట్టే.

1. ఇల్లు దేని మీద నిలబడిందో తేల్చుకోండి

పిల్లర్లు, బీములు ఉన్న ఇల్లయితే గోడలు ఊరికే నింపినవి. గోడ తీసినా కప్పు నిలుస్తుంది. పిల్లర్లు లేకుండా 9 అంగుళాల ఇటుక గోడలో, రాతి గోడలో కట్టి వాటి మీద స్లాబు వేసి ఉంటే ఆ గోడలే పిల్లర్లు. ఇక్కడ గోడకు పెద్ద కన్నం పెట్టడమంటే పిల్లరు కోసినట్టే.

తేడా ఎలా తెలుస్తుంది? లోపల గది మూలల్లో పిల్లరు అంచు గోడ కంటే ముందుకు పొడుచుకు వస్తుంది. సీలింగు కింద గోడ పైభాగాన బీము అంచు కనిపిస్తుంది. పిల్లర్లు 9 అంగుళాల గోడలో కలిసిపోయి ఉంటే సుత్తితో తట్టండి. ఇటుక మీది పూత మెత్తగా మోగుతుంది, కాంక్రీటు గట్టిగా ఖణేలుమంటుంది. అయినా అనుమానం ఉంటే రెండు చోట్ల అరచేయంత పూత ఊడదీసి చూడండి.

దూలాల మీద బండలు పరిచిన పాత కప్పులకూ, మట్టి మిద్దెలకూ ఈ అంకెలేవీ వర్తించవు. అలాంటి ఇంటికి ట్యాంకు నేల మీద వేరే స్టాండు వేసి పెట్టుకోవడమే మంచిది.

2. కప్పుకు పటం గీయండి

గళ్ల కాగితం మీద ఒక గడిని ఒక అడుగు అనుకుని పై నుంచి చూసినట్టు ఇల్లు గీయండి. పిల్లర్లకు నల్ల చుక్కలు, బీములకు జంట గీతలు. తర్వాత ప్రతి గదిలో స్లాబు ఏ వైపుకు వాలి బరువు ఇస్తోందో బాణం వేయాలి. గది పొడవు వెడల్పుకు రెండింతలకు మించితే స్లాబు పొట్టి దారిలోనే వంగుతుంది, బరువంతా పొడుగాటి రెండు అంచులకే పోతుంది. 8 × 18 వరండా ఇలాంటిది. 10 × 12 గదిలో నాలుగు అంచులూ పంచుకుంటాయి.

స్లాబు మందం కూడా రాసుకోండి. వాన నీటి గొట్టం దిగే కన్నం దగ్గర స్కేలు పెట్టి కొలిచి, పైన వేసిన వాటర్‌ప్రూఫ్ పొర, కింది పూతల మందాన్ని ఆ కొలతలోంచి తీసేయండి. మన ఇళ్లలో ఎక్కువగా 4½ నుంచి 5 అంగుళాలు ఉంటుంది. 5 అంగుళాల స్లాబు సొంత బరువే చదరపు మీటరుకు 310 కిలోలు దాటుతుంది (కాంక్రీటు ఘనపు మీటరుకు 2,500 కిలోలు). అది ఎప్పుడూ ఉన్న బరువు. మీరు కొత్తగా తెచ్చేది దాని పైన చేరుతుంది.

3. కప్పు ఆరోగ్యం చూడండి

కొత్త బరువు గురించి ఆలోచించే ముందు పాత బరువునే ఎలా మోస్తోందో చూడాలి. సీలింగు కింద సుత్తితో అడుగు అడుక్కీ మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుండ్రం చుట్టండి. పెచ్చులూడి ఊచలు బయటపడిన చోట తుప్పు గీకి ఊచ మందం కొలవండి. 10 మి.మీ. ఊచ తుప్పు తిని 8కి వస్తే పోయింది రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బలం ఉండేది అడ్డకోత వైశాల్యంలో. అందులో 36 శాతం పోయింది. అలాంటి స్లాబు మీద ఏ బరువూ పెట్టొద్దు, ముందు మరమ్మతు చేయించండి.

తుప్పు ఎందుకు పెచ్చులూడదీస్తుందంటే, తుప్పు ఇనుము కంటే చాలా రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. లోపలి నుంచి తోసి కాంక్రీటును పగలగొడుతుంది. స్లాబులో ఊచ కింద కనీసం 20 మి.మీ., పిల్లరులో 40 మి.మీ. కవర్ (ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మందం) ఉండాలనేది అందుకే. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ప్రమాణాలు 45 మి.మీ. అడుగుతాయి. కవర్ బ్లాకులకు బదులు కంకర రాళ్లు ఎగదోసి స్లాబు పోసిన ఇళ్లు విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం పొడవునా పెచ్చులూడుతూనే ఉంటాయి.

పగుళ్లను ఇలా చదవండి. బీము నడుమ అడుగు భాగాన వెంట్రుకంత సన్నగా, నిలువుగా ఉన్నవి వంపు వల్ల వచ్చినవి. 0.3 మి.మీ. లోపైతే కంగారు లేదు. పిల్లరుకు దగ్గరగా బీము మీద ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల్లో పోయే పగులు అసలు భయపడాల్సింది. అది కోత బలానికి (బీమును అడ్డంగా తెగ్గొట్టేలా పనిచేసే బలం, షియర్) ఊచల చుట్టూ కట్టే రింగులు చాలట్లేదని చెబుతోంది. వంపుకు లొంగే బీము కుంగి, పగిలి ముందే హెచ్చరిస్తుంది. కోతకు లొంగేది అంత వ్యవధి ఇవ్వదు. ఊచ పొడవునా గీత గీసినట్టు పోయేది తుప్పు పగులు. పిల్లరు మీద నిలువు పగులు కనిపిస్తే ట్యాంకు మాట పక్కనపెట్టి ఇంజినీరును పిలవండి. కిటికీ మూలల్లో ఐమూలగా వచ్చి ఏటా పెరిగేది పునాది కింది మట్టి కదలిక, నల్లరేగడి నేలల్లో మామూలు. ఏ పగులునైనా ముందు పూత ఊడదీసి చూడండి. సగానికి పైగా పూత పగుళ్లే అయి ఉంటాయి, లోపల కాంక్రీటు చెక్కుచెదరదు.

చివరగా కుంగు. బీము అడుగున ఒక కొస నుంచి మరో కొసకు దారం బిగించి లాగి, రెండు కొసల్లో సమానమైన మేకుల మీద నిలిపి, నడుమ దారానికీ బీముకూ మధ్య ఖాళీ కొలవండి. కొసల్లోని ఖాళీ కంటే అది ఎంత తగ్గితే అంత కుంగు. బీము పొడవును 250తో భాగిస్తే వచ్చేది హద్దు. 12 అడుగుల (3,660 మి.మీ.) బీముకు అది 15 మి.మీ. లోపు. దానికి మించి కుంగిన బీము తన వంతు ఇప్పటికే మోసేసింది.

4. పెట్టబోయే ప్రతి వస్తువునూ చదరపు మీటరు లెక్కలోకి మార్చండి

ఇళ్ల గదులకు ఐఎస్ 875 (భవనాల మీది బరువులు, గాలి లెక్కలకు భారతీయ ప్రమాణం) ఇచ్చే వాడుక బరువు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు 200 కిలోలు. మెట్లున్న మేడ కప్పుకు 150, ఎవరూ ఎక్కని కప్పుకు 75. అడుగుల్లో కావాలంటే 10.76తో భాగించండి. మేడకు చదరపు అడుగుకు సుమారు 14 కిలోలు వస్తుంది. పై అంతస్తు వేసుకునే ఆలోచనతో డిజైన్ చేసిన కప్పుకు గది లెక్కే వాడి ఉంటారు. డ్రాయింగులో అది రాసి ఉంటేనే నమ్మండి, "పైకి ఇంకో రెండు వేసుకోవచ్చు" అన్న మేస్త్రీ మాట మీద కాదు.

ఇప్పుడు అసలు వస్తువులు:

నీళ్లు: ఎత్తు మీటరైతే చదరపు మీటరుకు 1,000 కిలోలు. ట్యాంకు సన్ననా లావా అన్నది అనవసరం, ఎత్తే చూడాలి. 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు సుమారు 1.1 మీటర్ల అడ్డం ఉంటుంది, నిండితే దాని కింద చదరపు మీటరుకు 1,100 కిలోల దాకా పడుతుంది. మేడకు అనుమతించిన దానికి ఏడు రెట్లు.

పిట్టగోడ మధ్య నిలిచిన వాన నీరు: 15 సెంటీమీటర్లు నిలిస్తే 150 కిలోలు. అంటే గొట్టం కన్నంలో ఆకులు అడ్డుపడి ఆరంగుళాల నీళ్లు నిలిస్తే మేడ కోటా మొత్తం అక్కడికే అయిపోయింది. రెండో కన్నం ఒకటి పిట్టగోడలో 3 అంగుళాల ఎత్తున ఎప్పుడూ తెరిచి ఉంచండి.

తడి మట్టి: ఘనపు మీటరుకు సుమారు 1,800 కిలోలు. ఆరంగుళాల మడికి చదరపు మీటరుకు 270.

సిమెంటు బస్తాలు: 50 కిలోల బస్తా పదింటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే చదరపు మీటరుకు 1,600 కిలోలు మించుతుంది. ఇటుకలు, ఇసుక కూడా మీటరు ఎత్తున అదే తీరు. కొత్త స్లాబు మీద పై గోడల ఇటుకను మధ్యలో గుట్ట వేయించడం కట్టుబడి రోజుల్లో జరిగే మామూలు తప్పు. సెంట్రింగు తీసిన వారానికే ఇలా చేస్తే పగుళ్లు అప్పుడే పుడతాయి, ఎన్నేళ్లకో బయటపడి "నాణ్యత లేదు" అనిపించుకుంటాయి. ఇటుకను బీముల మీదుగా, మోకాలెత్తు మించకుండా, వరసలుగా పేర్పించండి.

గోడ: పదడుగుల ఎత్తు, రెండు వైపులా పూతతో 4½ అంగుళాల ఇటుక గోడ మీటరు పొడవుకు 830 కిలోల దగ్గర, 9 అంగుళాలది 1,500 పైన. 4 అంగుళాల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుక) గోడ 350 నుంచి 400. పై గదికి ఇటుకే కావాలని పట్టుబట్టేవాళ్లు ఈ మూడంకెలు ఒకసారి పక్కపక్కన రాసుకుని చూడాలి.

5. బరువును ఎక్కడ పెట్టాలి

ఇక్కడే ఇంటి భవిష్యత్తు తేలుతుంది, అందుకే లెక్క వేసి చూపిస్తాం. రెండు కొసల్లో ఆనుకున్న 12 అడుగుల (3.66 మీటర్లు) బీము, దాని మీద 1,050 కిలోల నిండు ట్యాంకు.

నడిమధ్యలో ఒకే చోట పెడితే బీము మీద పడే వంపు బలం: బరువు × పొడవు ÷ 4. అంటే 1.05 × 3.66 ÷ 4 = 0.96 టన్ను-మీటర్లు.

అదే బరువును బీము పొడవునా పరిస్తే: బరువు × పొడవు ÷ 8 = 0.48. సరిగ్గా సగం.

పిల్లరు నుంచి ఒక అడుగు దూరంలో పెడితే: 1.05 × 0.305 × 3.355 ÷ 3.66 = 0.29. నడుమ పెట్టినదాంట్లో మూడో వంతు కూడా లేదు.

ట్యాంకు అదే, బీము అదే, జరిపింది అయిదడుగులు. పిల్లరు దగ్గరికి జరిపితే వంపు తగ్గుతుంది గాని బరువు దాదాపు మొత్తం ఆ కొసనే దిగుతుంది, కోత బలం పెరుగుతుంది. పైన మూడో భాగంలో బీము కొసన ఏటవాలు పగులు ఉందేమో చూడమన్నది అందుకే. కుదిరితే సరిగ్గా పిల్లరు నెత్తినే దింపండి, అప్పుడు వంపూ లేదు, బీముకు కోతా లేదు.

పొడవు సంగతి కూడా గుర్తుంచుకోండి. పరిచిన బరువుకు వంపు బలం పొడవు వర్గంతో పెరుగుతుంది. 10 అడుగుల హాలును 20 అడుగులు చేస్తే అదే చదరపు బరువుకు నాలుగింతల బలం కావాలి. పెద్ద హాలు మీది కప్పును ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన చోటుగా చూడండి.

బాల్కనీ, సన్‌షేడు వేరే జాతి. గది స్లాబు కింద సాగి పైన నొక్కుకుంటుంది, అందుకే ఊచలు అడుగున ఉంటాయి. బాల్కనీ తిరగబడ్డ లెక్క. భుజం మీది కావడి బద్ద చూడండి, రెండు కొసలూ కిందికి దిగితే సాగేది పైభాగం. బాల్కనీలో ఊచలు పైన ఉండాలి. స్లాబు పోసేటప్పుడు కూలీలు తొక్కి ఆ ఊచలు అంగుళంన్నర కిందికి దిగిపోయి ఉండటం చాలా ఇళ్లలో జరుగుతుంది, పైకి కనిపించదు. దానికి తోడు కొసన పెట్టిన బరువుకు వంపు బలం బరువు × పొడవు, నడుమ పెట్టిన బీము కంటే నాలుగు రెట్లు. ప్రమాణం ఇంటి బాల్కనీ అంచుకు మీటరుకు 150 కిలోలు లెక్కలోకి తీసుకోమంటుంది. మూడడుగుల ఎత్తు 4½ అంగుళాల పిట్టగోడే మీటరుకు 250 కిలోలుంటుంది. ఇనుప గ్రిల్లు పెట్టిన బాల్కనీని గోడ కట్టి గదిగా కలుపుకోవడం ఎందుకు వద్దంటామో దీన్నిబట్టే తెలుస్తుంది. సన్‌షేడు మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పెట్టకుండా, గోడకు బ్రాకెట్లు బిగించి పెట్టించండి.

6. ట్యాంకు పెట్టే విధానం

పటం మీద పిల్లర్లు దగ్గర దగ్గరగా ఉన్న మూల వెతకండి. మెట్ల గది నాలుగు మూలలా పిల్లర్లు పైదాకా లేచి ఉంటే దాని కప్పే మంచి చోటు. అది కేవలం 4½ అంగుళాల గోడల మీద కూర్చున్న గదైతే కాదు.

ఎక్కడా నేరుగా పిల్లర్లు దొరక్కపోతే బరువును స్లాబుకు తగలకుండా దాటించాలి. ఒక బీము నుంచి ఎదుటి బీముకు రెండు ఇనుప దూలాలు వేయండి. పదడుగుల దూరానికి, 1,000 లీటర్ల ట్యాంకుకు, కింద పలకతో కలిపి ఐఎస్‌ఎంబీ 150 (150 మి.మీ. ఎత్తుండే I ఆకారపు ఇనుప దూలం) రెండు చాలు. మీటరుకు 15 కిలోలుంటాయి కాబట్టి ఇద్దరు మనుషులు మోయగలరు. కొసల్లో 8 అంగుళాల చదరం, 10 మి.మీ. మందం ప్లేట్లు వేసి, దూలం అడుగుకూ స్లాబుకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ వదలండి. ఈ ఖాళీయే ముఖ్యం. దూలం మూడు నాలుగు మిల్లీమీటర్లు వంగుతుంది. ఖాళీ లేకపోతే నడుమ స్లాబును తాకి, ఏ బరువు దాటించాలనుకున్నామో దాన్నే తిరిగి స్లాబుకు ఇస్తుంది. ఆ ఖాళీలో సిమెంటు కూరి "నీట్‌గా" పూత వేస్తామంటే ఒప్పుకోవద్దు.

ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం సమంగా ఆనాలి, రెండు పట్టీల మీద పెడితే అడుగు చీలుతుంది. దూలాల మీద మందపాటి ఇనుప రేకో, సన్న కాంక్రీటు పలకో కావాలి. అయిదడుగుల చదరం, 4 అంగుళాల కాంక్రీటు పలక బరువు 550 కిలోలకు పైనే. ఈ అంకెను లెక్కలో మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

నీటి ఒత్తిడి కోసం నాలుగు ఇటుక స్తంభాలు అయిదడుగులు లేపి దాని మీద ట్యాంకు నిలబెట్టడం ఏ వీధిలో చూసినా కనిపిస్తుంది. మీటరు ఎత్తు పెంచితే వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో మాత్రమే. షవరు బాగా రావాలంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు. ఇటుక స్తంభం నిలువు బరువును బానే మోస్తుంది, పక్కకు తోస్తే నిలవదు. భూకంప ప్రమాణం ఐఎస్ 1893 కప్పు పైకి పొడుచుకొచ్చే ట్యాంకులు, పిట్టగోడలకు మొత్తం ఇంటి లెక్కలో వాడిన అడ్డ బలం (పక్కకు తోసే బలం) గుణకానికి 5 రెట్లు వాడమంటుంది. మన దగ్గర భూకంపాలు రావనుకోవద్దు. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చాయి. ఎత్తు తప్పనిసరైతే కాంక్రీటు కాళ్లకు నడుమ అడ్డ బీములు వేయించండి, లేదా ఇనుప కోణాల స్టాండుకు నాలుగు వైపులా ఐమూల పట్టీలు వెల్డింగు చేయించండి.

7. మేడ తోట

10 లీటర్ల బకెట్టులో మీరు వాడబోయే మట్టి మిశ్రమం నింపి, నీళ్లు పోసి, కారడం ఆగాక తూచండి. బకెట్టు బరువు తీసేసి వచ్చిన కిలోలను 15తో గుణిస్తే ఆరంగుళాల మడి చదరపు మీటరు బరువు. 18 కిలోలు తూగితే 270, కోకోపీట్ కలిపి 11కి దింపితే 165. ఆ 165 కూడా 150 దాటిందని గమనించండి, పైగా మనుషులు తిరగాలి. కాబట్టి మేడంతా మట్టి పరిచే ఆలోచన వదిలి, బీముల మీదుగా ఒక వరస కుండీలు, మధ్యలో రెండు వరసల ఖాళీ పెట్టుకోండి. సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ములో తడి మట్టి 180 కిలోలు. పండ్ల చెట్లకని వాటిని పెడితే పిల్లర్ల మీదే పెట్టాలి.

8. రేకుల షెడ్డు: బరువు కాదు, గాలి

రేకు, పైపులు కలిపి చదరపు మీటరుకు 15–20 కిలోలే, స్లాబుకు లెక్కలోకి రాదు. కాని గాలి పైకి లేపుతుంది. ప్రమాణంలో ప్రాథమిక గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖ, నెల్లూరులకు 50 (గంటకు 180 కిలోమీటర్లు). వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది: 50కి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, 44కి 118. షెడ్డు ఎత్తు, పక్కలు తెరిచి ఉన్నాయా లేదా అన్నదాన్నిబట్టి ఇది మారుతుంది, అంచుల్లో ఇంకా ఎక్కువ. తీరంలో 10 × 20 అడుగుల షెడ్డును గాలి దాదాపు 2.8 టన్నులతో పైకి లాగగలదు, షెడ్డు సొంత బరువు మూడు నాలుగు వందల కిలోలు. మిగిలిందంతా బోల్టులే పట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎగిరిన రేకుల కప్పుల వెనక ఉన్నది ఈ లెక్కే.

కాబట్టి స్తంభాలను పిట్టగోడకు బిగించొద్దు, పిట్టగోడతో సహా పోతాయి. ప్రతి స్తంభం కింద 8 అంగుళాల ప్లేటు, నాలుగు 12 మి.మీ. యాంకర్ బోల్టులు, అదీ బీము మీద. 5 అంగుళాల స్లాబులో దింపిన బోల్టుకు పట్టు తక్కువ, పైగా కప్పు కారడం మొదలవుతుంది. రేకు అంచుల్లో ప్రతి మడతకూ స్క్రూ వేయించండి, మధ్యలో ఒకటి విడిచి ఒకటి చాలు. రేకు ఊడటం మొదలయ్యేది ఎప్పుడూ అంచు నుంచే.

9. పై గది, పై అంతస్తు

గోడ స్లాబు నడుమ కాకుండా బీము మీద రావాలన్నది మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అసలు ప్రశ్న కింద ఉంది. 12 అడుగులకొక పిల్లరున్న ఇంట్లో లోపలి పిల్లరు మోసే వైశాల్యం 13.4 చదరపు మీటర్లు. స్లాబు, ఫ్లోరింగు, వాడుక బరువు కలిపి చదరపు మీటరుకు సుమారు 610 కిలోల చొప్పున 8.2 టన్నులు. నాలుగు వైపులా గోడల్లో దాని వంతుకు వచ్చే 7.3 మీటర్ల 4½ అంగుళాల గోడ 6 టన్నులు. బీములు టన్నుకు పైన. ఒక్క అంతస్తుకు ఒక్క పిల్లరు మీద సుమారు 15 టన్నులు.

దీన్ని పునాది ముందు పెట్టండి. 4 × 4 అడుగుల ఫుటింగు (పిల్లరు కింద మట్టి మీద ఆనే కాంక్రీటు దిమ్మ) వైశాల్యం 1.5 చదరపు మీటర్లు. గట్టి మొరం చదరపు మీటరుకు 20 టన్నులు మోయగలదనుకుంటే 30 టన్నులు, అంటే రెండు అంతస్తులతో సరి. అదే ఫుటింగు 10 టన్నులే మోసే నల్లరేగడిలో ఉంటే ఒక్క అంతస్తుకే చేయి ఎత్తేస్తుంది, రెండో దానికి 6 × 6 కావాలి. ఒక పిల్లరు పక్కన గొయ్యి తీయించి ఫుటింగు కొలత, లోతు, కింద మట్టి చూడండి. గొయ్యిని ఫుటింగు అడుగు కంటే కిందికి దింపొద్దు, ఒకేసారి రెండు పిల్లర్ల దగ్గర తవ్వొద్దు. మట్టి పరీక్ష ఖర్చు దగ్గర వెనకాడితే, తర్వాత ఫుటింగు పెంచడానికి దానికి ఎన్నో రెట్లు పెట్టాల్సి వస్తుంది.

పై అంతస్తు కోసమని పిల్లర్ల మీద వదిలిన ఊచలు ఏళ్ల తరబడి వానకు నానినవైతే తీగల బ్రష్షుతో రుద్ది మందం కొలవండి. కొత్త ఊచతో జత కలిపే పొడవు ఊచ మందానికి కనీసం 50 రెట్లు: 12 మి.మీ.కు 2 అడుగులు, 16 మి.మీ.కు 2 అడుగుల 8 అంగుళాలు. మిగిలింది అరడుగే అయితే దాని మీద అతుకు వేయనివ్వొద్దు, వంచినవాటిని మళ్లీ మళ్లీ తిరగేయనివ్వొద్దు. ఇంజినీరు చెప్పిన లోతుకు రంధ్రాలు వేసి, దుమ్ము పూర్తిగా ఊదేసి, కెమికల్ యాంకరింగు (రంధ్రంలో అంటుకునే రసాయనం నింపి ఊచ నాటడం) చేయించాలి. దుమ్ము వదిలేస్తే రసాయనం దుమ్మునే పట్టుకుంటుంది, ఊచ చేత్తో లాగితే వస్తుంది.

కింద అంతా పార్కింగుకు గోడల్లేకుండా వదిలి పైన అంతస్తులు పెంచడం ఇంకో ముప్పు. పక్కకు ఊగే బలమంతా ఆ ఒక్క అంతస్తు పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, కేంద్రానికి ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాదులో కూడా ఇలాంటి అపార్టుమెంట్లు కూలాయి.

10. నింపి చూడండి

ట్యాంకు బిగించాక తొలిరోజే మొత్తం నింపొద్దు. ముందు కింద గదిలో బీము నడుమ దారం కొలత తీసి రాయండి, ఉన్న పగుళ్ల కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. మూడో వంతు నింపి ఒక రోజు ఆగి కొలవండి, తర్వాత మూడింట రెండు వంతులు, తర్వాత పూర్తిగా. ప్రతిసారీ కుంగు ఇంచుమించు సమానంగా పెరగాలి. మొదటి వంతుకు ఒక మిల్లీమీటరు, రెండో వంతుకు మూడు వస్తే ఆపి ఖాళీ చేయండి, లోపల ఏదో పగిలింది. పూర్తిగా నిండి ఒక రోజు గడిచాక కూడా కుంగు పెరుగుతూనే ఉన్నా, పగులు పెన్సిలు గీత దాటినా అదే పని. ఖాళీ చేశాక ఒక రోజులో కుంగులో ముప్పావు వంతు వెనక్కి రావాలి.

అన్నీ సరిపోతే వారానికొకసారి నెల రోజులు, ఆ తర్వాత ఏటా వానలకు ముందు ఒకసారి అదే చోట దారం పట్టండి. కొలత, తేదీ ట్యాంకు పక్కన గోడ మీదే పెయింటుతో రాసి ఉంచండి. ఇల్లు అద్దెకిచ్చినా అమ్మినా కాగితం పోవచ్చు, గోడ మీది రాత పోదు.